ఎడమచేతి పిచ్చుక

ఆ ఉదయం తమ్ముడు ఇస్త్రీ చొక్కాలు మూడు మంచం మీద పరిచి, ఏది వేసుకోవాలో తేల్చుకోలేక ఇంట్లో అందరినీ పిలిచి చూపిస్తున్నాడు. టీవీ వాళ్లు పదకొండింటికి వస్తామన్నారు. పాత సీరియళ్లలో వేసిన పిల్లలు ఇప్పుడెక్కడున్నారో వెతికి చూపించే కార్యక్రమం వాళ్లది. ఈ వారం పిచ్చుక వంతు.

ఇంటింటా టీవీ లేని రోజుల్లో, వీధి మొత్తం ఒకరింట్లో చేరి చూసిన సీరియల్లో తప్పిపోయిన పిల్లవాడి పేరు పిచ్చుక. గుండు తల, పొట్టి నిక్కరు, ఎవర్ని చూసినా కరిగించేసే కళ్లు. ఆ వేషం వేసింది తమ్ముడేనని వీధి వీధంతా ఎరుగును. మిక్సీలూ ఫ్యాన్లూ బాగుచేసే అతని కొట్టుకు పేరు కూడా అదే. బోర్డు మీద ఆ గుండు తల బొమ్మే. యాభై దాటినా, బట్టతల వచ్చినా, అతన్ని అసలు పేరుతో పిలిచేవాళ్లు ఇద్దరో ముగ్గురో.

అక్క రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది. భర్త పోయిన దగ్గర్నుంచి పుట్టింటి మేడమీద గదిలో ఉంటోంది. ముందురోజు తల్లి ఆమెను పిలిచి, రేపు సెలవేమీ పెట్టకు, ఇల్లంతా మనుషులతో గోలగా ఉంటుంది, నీ పని నువ్వు చూసుకో అని చెప్పింది. అక్కకు అర్థమైంది. సరేనంది. తీరా తెల్లారాక ల్యాబులో కరెంటు లేదని, మధ్యాహ్నం రమ్మని ఫోనొచ్చింది. టీ కోసం ఆమె కిందికి దిగేసరికి తల్లి ముఖం మాడిపోయింది.

మరదలు అప్పటికే చుట్టాలందరికీ ఫోన్లు చేసేసింది. హాల్లో సోఫా ఇటు జరిపి, నచ్చక అటు జరిపింది. మేనకోడలు మాత్రం ఫోన్లోంచి తల ఎత్తడంలేదు. ఆ సీరియల్ టేపులు పోయాయనే ఇన్నేళ్లూ అందరూ అనుకున్నారు. ఈమధ్య ఏదో గోదాములో ఒక పెట్టెలో బయటపడ్డాయట. అందులో నాలుగు నిమిషాల ముక్కను టీవీ వాళ్లు పంపించారు. ఆ పిల్ల దాన్నే మళ్లీ మళ్లీ చూస్తోంది.

"నాన్నా, నీది ఎడమచేతి వాటం కాదుగా?" అని అడిగింది ఉన్నట్టుండి.

కాదన్నాడు తమ్ముడు, చొక్కా గుండీలు పెట్టుకుంటూ. మరి ఇందులో రాయి విసిరింది ఎడమచేత్తో, రొట్టె తిన్నది ఎడమచేత్తో, ఆఖరికి ముక్కు తుడుచుకున్నది కూడా ఎడమచేత్తోనే అంది కూతురు. డైరెక్టరు చెప్పుంటాడులే అన్నాడతను. చిన్నపిల్లాడు ఏ చేత్తో చేస్తే ఏమిటి, ముందు ఆ ఫోను అవతల పెట్టు అని నాయనమ్మ కసురుకుంది.

"మనింట్లో ఆ వాటం అత్తొక్కర్తిదే" అని నవ్వింది మేనకోడలు.

ఎవరూ నవ్వలేదు. టీ కప్పు అక్క ఎడమచేతిలోనే ఉంది. కుడిచేతిలోకి మార్చుకుందామని ఒక్క క్షణం అనిపించింది ఆమెకు. మార్చుకోలేదు.

తమ్ముడు ఫోను తీసుకుని ఆ నాలుగు నిమిషాలూ నిలబడే చూశాడు. చూడటం అయ్యాక అక్క వంక తిరిగాడు.

"అక్కా, ఇది నువ్వా?"

"అమ్మనడుగు."

తల్లి మోకాళ్లు రాసుకుంటూ, పక్కింటివాళ్ల సంగతి చెప్పినట్టుగా చెప్పుకొచ్చింది. వేషానికి ముందు ఎంచుకున్నది కొడుకునే. పేపర్లో పేరు కూడా వేసేశారు. తీరా స్టూడియోలో ఆ లైట్లు చూసి వాడు ఒకటే ఏడుపు, ఇంటికొచ్చేసరికి ఒళ్లు కాలిపోయే జ్వరం. తండ్రి అక్కడ లైట్లు మోసే మనిషి. మాట పోతే పని పోతుంది. అందుకని మర్నాడు కూతురికి గుండు చేయించి, నిక్కరు తొడిగి తీసుకెళ్లాడు. ఇదే బాగా చేస్తోందని అక్కడివాళ్లు సంతోషపడ్డారు. పేరు మాత్రం కొడుకుదే ఉండిపోయింది.

"అయిపోయాకైనా చెప్పొచ్చుగా?" అన్నాడు తమ్ముడు.

"ఆడపిల్ల వేషాలేసిందంటే రేపు దాన్నెవరు చేసుకుంటార్రా? మగపిల్లాడికైతే అదో గొప్ప."

అక్క కప్పు కింద పెట్టింది. ఇన్నేళ్లు లోపల నలిగిన మాట బయటికి వచ్చేటప్పుడు గట్టిగా వస్తుందనుకునేది ఆమె. చాలా మెల్లగా వచ్చింది.

"నా పెళ్లయింది. ఆయన పోయి కూడా పదేళ్లు దాటింది. ఇంకా ఎవరికి భయపడి దాచావమ్మా?"

"అప్పటికి వాడికది అలవాటైపోయిందే. నువ్వంటే తట్టుకుంటావు. వాడు తట్టుకోలేడు."

"తట్టుకుంటుందని తెలిసిన పిల్లనే తొక్కుతారు కదూ."

తమ్ముడు సోఫా అంచున కూర్చున్నాడు. అమ్మ వయసు మీదపడి ఏదో పొరబడుతోందన్నాడు. తనకన్నీ గుర్తున్నాయన్నాడు. లైట్ల వేడికి నెత్తి చురచురలాడటం, ముఖానికి రాసిన పౌడరు వాసన, ఏడుపు రాకపోతే డైరెక్టరు చెవి మెలిపెట్టి ఏడిపించడం, తర్వాత ఆయనే బిస్కట్లిచ్చి ఒళ్లో కూర్చోబెట్టుకోవడం. ఒక్కొక్కటీ వేళ్లు ముడుస్తూ చెప్పాడు.

"ఇవన్నీ నేను మర్చిపోతానా అక్కా?"

అక్క అతని పక్కన వచ్చి కూర్చుంది.

"అవన్నీ నేను నీకు చెప్పినవిరా. బయట ఎవరికైనా చెబితే అమ్మ కొట్టేది. చెప్పకుండా ఉండలేక, పక్కలో పడుకున్నప్పుడు నీకు చెప్పేదాన్ని. కథలాగా. మళ్లీ చెప్పు, మళ్లీ చెప్పు అనేవాడివి."

అతని వేళ్లు ముడిచినవి ముడిచినట్టే ఉండిపోయాయి. ఆ ముఖం చూశాక అక్కకు గెలిచానన్న తృప్తి కూడా రాలేదు.

టీవీ వాళ్లు రానే వచ్చారు. తల్లి కూతురి చెయ్యి పట్టుకుని, ఈ ఒక్కరోజు పోనీవే అని బతిమాలింది. అక్క జవాబు చెప్పేలోపే తమ్ముడు గుమ్మం దాకా వెళ్లి, పిచ్చుక నేను కాదు, మా అక్క అని చెప్పేశాడు. వచ్చిన యాంకరమ్మాయి తెల్లబోయి ఆఫీసుకు ఫోన్ చేసింది. చాలాసేపు మాట్లాడి లోపలికి వచ్చి, తమ్ముడి ఫోటోతో ప్రకటన వెళ్లిపోయిందని, ఇప్పుడు మార్చడం కుదరదని, కావాలంటే ఆంటీగారు అక్క హోదాలో పక్కన కూర్చోవచ్చని ఎంతో మర్యాదగా చెప్పింది.

అక్క నవ్వింది. ఆ నవ్వు చూసి మేనకోడలికి భయం వేసింది. తమ్ముడు వేసుకున్న చొక్కా అక్కడే విప్పేసి, పనిబట్టలు తగిలించుకుని కొట్టుకు వెళ్లిపోయాడు. కెమెరాలు వచ్చినదారినే వెళ్లాయి. చుట్టాలకు మళ్లీ ఫోన్లు చెయ్యాల్సి వచ్చిన మరదలు, పరువంతా పోయిందన్న కోపాన్ని వంటింట్లో గిన్నెల మీద చూపించింది. తల్లి గోడవైపు తిరిగి పడుకుంది. ఇప్పుడు నీ కళ్లు చల్లబడ్డాయా అని మాత్రం అంది. తప్పయిందని అనలేదు. ఇక అనదని కూడా అక్కకు తెలిసిపోయింది.

సాయంత్రం ల్యాబు నుంచి వస్తూ అక్క కొట్టు దగ్గర ఆగింది. తమ్ముడు ఒక ఫ్యాను మోటారు విప్పి ముందు పెట్టుకుని, దాన్ని ముట్టుకోకుండా కూర్చున్నాడు. ఆమె స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చుంది. దారినపోయే ఒకాయన, పిచ్చుకా, మా మిక్సీ అయిందా అని అడిగితే రేపు రమ్మన్నాడు. ఆయన వెళ్లాక, ఇకమీదట ఏ పేరుకు పలకాలో తెలియడం లేదన్నాడు.

"పొద్దుట్నుంచి వెతుక్కుంటున్నానక్కా, నాకు గుర్తున్నవాటిల్లో నాదేది, నువ్వు చెప్పిందేది అని. అన్నీ అనుమానంగానే ఉన్నాయి."

ఆమె వంక తిరిగి, ఒకటి అడుగుతాను, నిజం చెప్పు అన్నాడు.

"మనం అద్దెకున్న పాత ఇంట్లో నువ్వు తలుపు మూల కూర్చుని ఏడుస్తున్నావు. నీకు గుండు. కిటికీలోంచి పిల్లలు చూసి నవ్వుతున్నారు. నాకు కిటికీ అందలేదు. కుర్చీ ఈడ్చుకొచ్చి, ఎక్కి, రెక్క మూసేశాను. మూసి అక్కడే నించున్నాను, మళ్లీ ఎవరూ తెరవకుండా. ఇదీ నువ్వు చెప్పిందేనా?"

ఆ మధ్యాహ్నం అక్కకు బాగా గుర్తుంది. కానీ ఆ సిగ్గు తలుచుకోవడం కూడా ఇష్టంలేక, దాన్ని తల్లికి గానీ, భర్తకు గానీ, పక్కలో పడుకున్న తమ్ముడికి గానీ ఏనాడూ చెప్పలేదు.

"అది నేను నీకెప్పుడూ చెప్పలేదురా" అంది. "అది నీదే."

అతను నూనె చేతుల్తోనే ముఖం కప్పుకున్నాడు. ఆమె స్టూలు దగ్గరికి జరుపుకుని, అతని ఏడుపు ఆగేదాకా వీపు నిమురుతూ కూర్చుంది.