చెప్పింది చెప్పినట్టు

"అబ్బా, ఈ మీటింగ్ బేగి అయిపోతే బాగుణ్ణు. కడుపులో ఎలకలు పరిగెడుతున్నాయి."

శివప్రసాద్ ఆ మాట పక్కనున్న డ్రైవరుతో, అదీ గొంతు బాగా తగ్గించి అన్నాడు. కాఫీ పళ్లు కొనే కంపెనీ తరఫున పెదబయలు పై కొండల్లో అతనికిదే మొదటి మీటింగు. ఎదురుగా ఊరి రైతులు. మధ్యలో ప్లాస్టిక్ కుర్చీలో, కంపెనీ పిలిపించిన ఇంటర్‌ప్రెటర్ అమ్మాయి రత్న. ఆమెదీ ఆ ఊరే.

రత్న రైతుల వైపు తిరిగి తమ కువి భాషలో గడగడా ఏదో చెప్పింది. అందరూ గొల్లుమన్నారు. ముందు వరసలో గొడుగు పట్టుకుని కూర్చున్న పెద్దాయన ఏదో అంటే మళ్లీ నవ్వారు. ఇద్దరు ఆడవాళ్లు లేచి ఇళ్లలోకి వెళ్లారు.

"ఏం చెప్పారండీ?" అన్నాడు కంగారుగా.

"మీరన్నదే సార్. మీటింగ్ తొందరగా అయిపోవాలని, మీ కడుపులో ఎలకలు పరిగెడుతున్నాయని."

"అయ్యో, అది మీకు కాదండీ!"

"నా ముందు అన్నారుగా. నా చెవిన పడ్డ మాట అవతలికి వెళ్లాల్సిందే. వాళ్ల మాట కూడా మీకు అలాగే వస్తుంది. దాచుకోవాల్సినవి మనసులో అనుకోండి."

"మరి ఆ గొడుగాయన ఏమన్నాడు?"

"మా గాదెల్లో ఉన్న ఎలకలు చాలవా, ఈయన కడుపులో పెట్టుకుని ఇంకొన్ని మోసుకొచ్చాడూ అన్నాడు. ఆయన మా నాన్న."

శివప్రసాద్ మొహం చూసి రత్నకీ నవ్వొచ్చింది. లోపలికి వెళ్లిన ఆడవాళ్లు చోడి పిండి అంబలీ, ఎండు చేపల పులుసూ పట్టుకొచ్చారు. అతను సిగ్గు పడుతూనే రెండు సార్లు పోయించుకున్నాడు. పోసింది రత్న వాళ్లమ్మ.

రత్నది ఏ ఆఫీసు ఉద్యోగమూ కాదు. ఒకప్పుడు అమ్మకి ఆపరేషన్ అయితే ఆస్పత్రిలో తోడుండి, పక్క మంచాల వాళ్ల బాధలు కూడా డాక్టరుకి తెలుగులో చెప్పింది. ఒక నర్సు ఆమె ఫోన్ నంబరు తీసుకుంది. అలా మొదలైంది. తర్వాత సర్వేల వాళ్లు, డాక్యుమెంటరీల వాళ్లు, యూనివర్సిటీ వాళ్లు పిలిచారు. బెంగళూరు నుంచి ఎవరో కువి మాటలు ఫోన్లో రికార్డు చేయించుకున్నారు. ఒక నెల ఊపిరాడదు, ఒక నెల ఫోనే మోగదు. పిలిచినవాళ్లు మళ్లీ పిలవడానికి కారణం ఒకటే. ఆ పిల్ల కలపదు, తీసెయ్యదు.

వానాకాలమంతా మీటింగులు జరిగాయి. జీపు బురదలో దిగబడ్డప్పుడు రత్నా శివప్రసాదూ ఒకే గొడుగులో నడిచారు. గొడుగు ఎవరు పట్టుకోవాలన్న దగ్గర దెబ్బలాడుకున్నారు. అతను విశాఖపట్నంలో ఆమె పేరుతో విజిటింగ్ కార్డులు అచ్చు వేయించి తెచ్చాడు.

"ఇంత ఖరీదైన కార్డెందుకు? నన్నెవరు అడుగుతారు?"

"అడుగుతారు. అడిగినప్పుడు సిగ్గుపడకుండా రేటు చెప్పు."

'మీరు' ఎప్పుడో 'నువ్వు' అయిపోయింది.

పెదబయలు సంతలో ఒకరోజు రత్న వాళ్లమ్మతో కలిసి పసుపు కొమ్ములు అమ్ముతుంటే, శివప్రసాద్ వానలో వచ్చి ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

"రత్నా, మీ అమ్మతో పనుంది. చెప్పిపెడతావా?"

"కాఫీ సంగతా?"

"కాదు. కానీ చెప్పింది చెప్పినట్టు చెప్పాలి మరి."

"నా సంగతి తెలుసుగా. చెప్పు."

"అమ్మా, మీ అమ్మాయంటే నాకు చాలా ఇష్టం. పెళ్లి చేసుకుంటాను."

రత్న కుప్పలో కొమ్ములు సర్దడం మొదలుపెట్టింది.

"కానివ్వండి మేడమ్," అన్నాడతను. "చెవిన పడ్డ మాట అవతలికి వెళ్లాల్సిందే!"

పసుపు కొమ్ముల కేసి చూస్తూ చెప్పింది. వాళ్లమ్మ అతన్ని పైనుంచి కిందికి చూసి ఒక్క ముక్క అంది.

"ఏమంది?"

"తడిసిపోతున్నావట. ముందు ఈ టార్పాలిన్ పట్టా కిందికి రమ్మంటోంది."

"అంటే ఒప్పుకున్నట్టేనా?"

"ఆ మాట అనలేదు. నేను కలపను," అని జరిగి చోటిచ్చింది.

దసరా వెళ్లాక అతను గజపతినగరం నుంచి తన తల్లి రాజులమ్మని తీసుకొచ్చాడు. ఘాట్ రోడ్డు మలుపుల్లో వాంతులవుతాయని ఆవిడ తను తినలేదు, కొడుకునీ తిననివ్వలేదు. రత్న వాళ్లింటి రేకుల కింద మంచాల మీద కూర్చున్నారు. పైన వాన.

"మాటలు ఇంకెవరిచేతైనా చెప్పిద్దాం నాయనా," అంది రత్న.

"నీకంటే సరిగ్గా ఎవరు చెబుతారు?" అన్నాడు తండ్రి మంగ్లు. ఆ మాటలో గర్వం ఉంది.

రాజులమ్మ గయ్యాళి మనిషేమీ కాదు. రత్న గడ్డం పట్టుకుని ముద్దు పెట్టుకుంది. "గుంట బంగారం నాగుంది. నాకేటీ అడ్డు లేదు," అంది. రత్న తన గురించిన ఆ మాట కూడా తండ్రికి చెప్పింది. మంగ్లు తలూపాడు.

"ఉన్నమాటే సెప్తాను," అంది రాజులమ్మ. "మాకు సుట్టాలున్నారు, అల్లుళ్లున్నారు. ఏజెన్సీ గుంటంటే ఆల్లు గడప తొక్కరు. అందుకని పెళ్లి మేమే గుళ్లో సేసేత్తాం. ఈల్లు రానక్కర్లేదు. గుంటకి అమ్మా నాన్నా లేరు, సచ్చిపోనారని సెప్పుకుంటాం. ఆనక నేనే కబురెడతాను, ఓ పూట వొచ్చి సూసుకుని ఎల్లిపోవచ్చు. దీన్లో తప్పేటుంది? గుంట సుఖంగా ఉండాలని కాదేటి?"

రత్న తండ్రి వైపు తిరిగింది.

శివప్రసాద్ ముందుకి వంగాడు. "రత్నా, అదంతా చెప్పకు," అన్నాడు మెల్లగా. "పెళ్లి గుళ్లో అని చెప్పు చాలు. మిగతాది తర్వాత చూసుకుందాం. ప్లీజ్."

నిజమే, అంతే చాలు. గుళ్లో పెళ్లి అంటే నాన్న సరేనంటాడు. కొత్త పంచె కొనుక్కుంటాడు. ఎప్పుడు బయల్దేరాలని అడుగుతాడు. అప్పుడేం చెప్పాలి?

రత్న చెప్పడం మొదలుపెట్టింది. అల్లుళ్ల సంగతి చెప్పింది. గడప సంగతి చెప్పింది. అమ్మా నాన్నా చచ్చిపోయారనే మాట దగ్గర ఆగి, నీళ్లు తాగి ఆ మాట కూడా చెప్పింది. తర్వాత, "రత్నా, అదంతా చెప్పకు, పెళ్లి గుళ్లో అని చెప్పు చాలు, అన్నాడు," అని అతని మాటా చెప్పేసింది.

ఈసారి ఎవరూ నవ్వలేదు.

"మేం చచ్చిపోయామనా?" అన్నాడు మంగ్లు.

"అవును నాయనా."

ఆయన తన అరచేతుల్లోకి చూసుకున్నాడు. "ఆమె తన మాట చెప్పింది. పెళ్లాడేది అబ్బాయి కదా. అతని మాటేమిటో అడుగు."

"పెళ్లాడేది నువ్వు కదా, నీ మాటేమిటని మా నాన్న అడుగుతున్నాడు," అంది రత్న.

శివప్రసాద్ తల్లి వైపు చూశాడు. చేతిలో ఉన్న టీ గ్లాసు వైపు చూశాడు. రత్న ఎదురుచూసింది. మాట వెతుక్కునేవాళ్లకి సమయం ఇవ్వడం ఆమెకి అలవాటే. ఆస్పత్రిలో నొప్పి చెప్పుకోలేని ముసలివాళ్ల దగ్గర కూడా అలాగే కూర్చునేది. వాన ఒకసారి తగ్గి మళ్లీ అందుకుంది.

"ఏమన్నాడు?" అన్నాడు మంగ్లు.

"ఏమీ అనలేదు నాయనా."

రాజులమ్మే లేచింది. "సీకటడితే ఘాట్ దిగలేం," అంటూ జీపు వైపు నడిచింది. శివప్రసాద్ గుమ్మం దగ్గర ఆగాడు.

"ఒక్క మాట మారిస్తే ఏం పోయేది రత్నా?"

"ఒక్క మాట నువ్వు అంటే ఏం పోయేది? అంటే నేను చెప్పేదాన్నిగా."

అంతలో లోపల్నుంచి రత్న వాళ్లమ్మ వచ్చింది. చేతిలో అంబలి చెంబు ఉంది, కళ్లు తడిగా ఉన్నాయి. "పొద్దుననగా బయల్దేరుంటారు. ఈ పిల్లాడు ఆకలికి ఆగలేడు. ఆకలేస్తోందేమో అడుగు," అంది.

"ఆకలేస్తోందా అని అమ్మ అడుగుతోంది," అంది రత్న.

అతని పెదాలు ఎండిపోయి ఉన్నాయి. కళ్లు చెంబు మీద ఒక్క క్షణం నిలిచాయి. జీపు దగ్గర తల్లి గొడుగు పట్టుకుని చూస్తోంది.

"లేదు," అన్నాడు. "ఆకలి లేదు."

రత్నకి తెలుసు. అయినా అమ్మ వైపు తిరిగి, అన్నది అన్నట్టే చెప్పింది.

"ఆకలి లేదట అమ్మా."