కొక్కేనికి ఉండిపోయిన కోటు

"నీకేం పోయేకాలం వచ్చిందే! కట్టుకున్న మొగుడి మీదికి పోలీసుల్ని తోలుకొస్తావా? ఏ ఇంట్లోనైనా ఉందా ఈ చోద్యం!"

వంటింటి గుమ్మంలో నిలబడి ఐలీ అరుస్తోంది. ఎనభై ఏళ్ళ మనిషి. అయినా చేతికర్రతో నేల మీద కొడుతుంటే అల్మారాలో పింగాణీ కప్పులు గలగలమంటున్నాయి. కోడలు కారిన్ పొయ్యి పక్కన గోడకానుకుని, ఏప్రన్ కొస నలుపుతూ, తలెత్తకుండా నిలబడింది.

ఇద్దరు షెరీఫ్ మనుషులు నేలమాళిగలోంచి ఒక్కొక్క తుపాకీ పైకి తెచ్చి బండిలో పెడుతున్నారు. ఒకటి... రెండు... మూడు... మిగతా రెండూ బయట డేల్ ట్రక్కులో, దుప్పటి కింద దొరికాయి. వాటి పక్కన నాలుగు డబ్బాల తూటాలు! డేల్ మాత్రం భోజనాల బల్ల దగ్గర రెండు చేతులూ చాపుకుని కూర్చుని పెళ్ళాం వైపే చూస్తున్నాడు.

"నువ్వేనా, కారిన్?" అన్నాడు చివరికి.

"నేనే..." అంది కారిన్. ఆ ఒక్క ముక్క అనడానికి ఆమెకి ప్రాణం పోయినంత పనైంది!

ఇరవై రెండేళ్ళ కాపురం! మొగుడి చొక్కా గుండీ ఊడితే రెండోరోజుకి కుట్టిపెట్టే ఇల్లాలు ఇంత పని ఎందుకు చేసిందని మీరు అడుగుతారు. ఊరు ఊరంతా అదే అడిగింది. జవాబు చెప్పాలంటే ఒక్కరోజు వెనక్కి వెళ్ళాలి.

మిషిగన్ ఉత్తరపు కొసన మా ప్రాంతంలో నవంబరు పదిహేను అంటే జింకల వేట మొదలయ్యే రోజు. బడులకి సెలవు. ఆ వారంలో మగాడు తుపాకులు ట్రక్కులో సర్దుకుంటే ఎందుకని అడిగేవాడు ఉండడు, సర్దుకోకపోతేనే ఒంట్లో బాగాలేదా అని అడుగుతారు. డేల్ తమ్ముడు రస్ పన్నెండో తారీకు పొద్దున్నే వచ్చి, ట్రక్కులోకి తొంగిచూసి, "ఏంటన్నయ్యా! జింకల్ని కొట్టడానికా, దండయాత్రకా?" అని పగలబడి నవ్వాడు. కారిన్ కూడా నవ్వింది. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ ఆమెకి ఒళ్ళు జలదరిస్తుంది.

రస్ వెళ్ళాక ఆమె పేస్టీలకి పిండి కలుపుతూ కూర్చుంది. మాంసం, దుంపలు కూరి, మడిచి కాల్చి, ఒక్కొక్కదాని అంచున తినేవాళ్ళ పేరులో మొదటి అక్షరం పిండితో అతికిస్తారు. గని చీకట్లో ఒకరి కూడు ఒకరు తినెయ్యకుండా తాతల నాడు పెట్టుకున్న అలవాటది. గనులు మూతబడ్డాయి గానీ అక్షరాలు మిగిలాయి.

"డేల్, నీకెన్ని చెయ్యను? మూడా, నాలుగా?"

"నాకొద్దు."

"అదేంటి! వేటకి ఉపవాసం వెళ్తావా?"

అతను నేలమాళిగలోకి దిగిపోయాడు. మాట్లాడడం మానేసి చాలా నెలలైంది. కాగితం మిల్లులో ఇరవై ఆరేళ్ళు చేసిన ఉద్యోగం మార్చిలో పోయింది. తీసేసే జాబితా రాసింది ఫోర్‌మన్ గ్లెన్ మాకి, డేల్‌తో కలిసి చదువుకున్నవాడు! అప్పట్నుంచీ మనిషి నేలమాళిగలో ఒక్కడే కూర్చునేవాడు. పలకరిస్తే, "వాళ్ళు నన్ను మరిచిపోయారు కారిన్... మళ్ళీ మరిచిపోరులే" అనేవాడు. పాపం బాధ కొద్దీ అంటున్నాడనుకుంది ఆ పిచ్చితల్లి!

పేస్టీలు పొయ్యిలో పెట్టి ఇటు తిరిగిన కారిన్‌కి తలుపు వెనక కొక్కేనికి డేల్ నారింజరంగు కోటు కనిపించింది. ఆ రంగు ఒంటి మీద లేకుండా ఈ కాలంలో అడవిలో అడుగుపెట్టకూడదు. సాటివాడే జింక అనుకుని కాల్చేస్తాడు. తుపాకులు పెట్టుకుని కోటు మరిచిపోయాడేమిటి మహానుభావుడు, అనుకుంటూ తీసి, వేట లైసెన్సు కోసం జేబులో చెయ్యి పెట్టింది. లైసెన్సు లేదు... అసలు ఈ ఏడు కొననే లేదు! మడిచిన కాగితం ఒకటి చేతికొచ్చింది. అందులో తొమ్మిది పేర్లు. అందరూ మిల్లువాళ్ళే, మొదటిది గ్లెన్‌ది. అడుగున, "విందు. పద్నాలుగు. వెనక తలుపు."

వేటకి ముందు సాయంత్రం మిల్లు హాల్లో వేటగాళ్ళ విందు జరుగుతుంది. పెళ్ళాం పిల్లలతో సహా అందరూ వస్తారు.

కారిన్ పొయ్యి కట్టేసింది. కాగితం పట్టుకుని పక్కవీధిలో ఉన్న అత్తగారింటికి పరుగెత్తింది.

"నోర్ముయ్!" అంది ఐలీ, కాగితం వైపు చూడకుండానే. "మగాడికి కోపం వస్తుంది, పోతుంది. నేను చూడలేదా? వాడి తండ్రికి మాత్రం రాలేదా? ఇంటి గుట్టు వీధిన పెట్టే ఆడది నా గడప తొక్కక్కర్లేదు!"

మర్నాడు కారిన్ ఎప్పటిలాగే బడికి వెళ్ళింది. ఆమె ఆ బడిలో వంటమనిషి. ఆ రోజే అభ్యాసం... గంట మోగగానే పిల్లలు బల్లల కింద, వంటవాళ్ళు సామాన్ల గదిలో గడియ పెట్టుకుని, దీపాలార్పి, నోరు మూసుకుని కూర్చోవాలి. ఎవడో తుపాకీతో వచ్చాడనుకోవాలి! ఏళ్ళ తరబడి చేస్తున్నదే. పిండి బస్తాల మధ్య కూర్చుని, వచ్చేవాణ్ణి ఎప్పుడూ ముక్కూ మొహం తెలియనివాడుగానే ఊహించుకునేది. ఆ రోజు ఆ చీకట్లో ఆమెకి తెలిసొచ్చింది... అయ్యో! వాడికీ ఒక ఇల్లుంటుంది కదా! వాడి కోటు జేబులు వెతికే ఆడది ఒకతె ఎక్కడో ఉండే ఉంటుంది కదా! ఆవిడ నోరు మూసుకుని ఊరుకుంటేనే కదా, ఇక్కడ ఇంతమందిమి నోరు మూసుకుని కూర్చోవలసి వచ్చింది!

దీపాలు వెలిగాయి. టీచర్ల గదిలో గోడకి అంటించిన కాగితాన్ని అంతకుముందు వందసార్లు చూసి ఉంటుంది, ఆ రోజు వెళ్ళి నిలబడి చదివింది. ఇంట్లోవాడి వల్ల ప్రమాదం ఉందని తోస్తే ఇంటివాళ్ళే కోర్టుకి చెప్పుకోవచ్చు, జడ్జి కొన్నాళ్ళపాటు తుపాకులు తీసి భద్రపరుస్తారు అని కొత్త చట్టం గురించి రాసి ఉంది. ఏప్రన్ కూడా విప్పకుండా తిన్నగా కోర్టుకి వెళ్ళింది. సాయంత్రానికల్లా షెరీఫ్ మనుషులు గుమ్మంలో ఉన్నారు.

డేల్ ఆ రోజే తమ్ముడింటికి వెళ్ళిపోయాడు. పద్నాలుగో తారీకు విందు జరిగింది. అందరూ తిన్నారు, తాగారు, పాడారు, ఇళ్ళకి వెళ్ళి పడుకున్నారు. ఏమీ జరగలేదు! జరగలేదు కాబట్టే కారిన్‌కి తలవంపులు వచ్చిపడ్డాయి. "చూశారా, ఏమైంది? మొగుణ్ణి ఊరికే రచ్చకెక్కించింది" అన్నారు. చర్చిలో ఆమె పక్కన బెంచీ ఖాళీగా ఉండేది.

రెండు వారాలకి వాయిదా వచ్చింది. చిన్న కోర్టు గది, అద్దాల వెనక మంచు కురుస్తోంది. జడ్జి నడివయసు ఆడమనిషి. రస్ లేచి, "అమ్మా, మా అన్నయ్య ఈగకి కూడా హాని తలపెట్టడు. వదినకే మతి చలించింది" అన్నాడు, వదిన మొహంలోకి చూడలేక.

"ఈ పేర్లు ఎందుకు రాసుకున్నారు?" అని జడ్జి డేల్‌ని అడిగారు.

"విందులో పలకరించాల్సినవాళ్ళు."

"వెనక తలుపు అంటే?"

"కుర్చీలు అటునుంచే తేవాలి."

ఎంత మామూలుగా చెప్పాడని! వింటుంటే కారిన్‌కే అనుమానం వచ్చింది... కుర్చీల కోసమేనేమో! భగవంతుడా, నేనే నా కాపురం కాల్చుకున్నానేమో! జడ్జి కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూస్తున్నారు. ఈ రోజు కొట్టేస్తే రేపే అయిదు తుపాకులూ ఇంటికి వచ్చేస్తాయి.

అప్పుడు వెనక బెంచీలో కర్ర చప్పుడైంది.

"నేనొక మాట చెప్పుకోవచ్చా తల్లీ? వీడి అమ్మని."

రస్ మొహం విప్పారింది. కారిన్ కళ్ళు మూసుకుంది. ఐలీ ముందుకి వచ్చి, రెండు చేతులూ కర్ర మీద పెట్టి నిలబడింది.

"ముప్పై ఒక్క ఏళ్ళ నుంచి నేనొక అబద్ధం ఆడుతున్నా. మా ఆయన తుపాకీ తుడుస్తుంటే అది పేలి చనిపోయాడని పాస్టరుగారికి చెప్పా. పిల్లలకి చెప్పా. సమాధి మీద పడి ఏడుస్తూ కూడా అదే చెప్పా. తుడవలేదు! ఆయన దాన్ని తుడవలేదు తల్లీ! తీసుకుని పెరట్లో ఆవిరిస్నానాల గదిలోకి వెళ్తూ వెళ్తూ ఒకసారి నా వంక చూశాడు. నాకు తెలిసింది. తెలిసీ... రొట్టెల పిండి పిసుక్కుంటూ కూర్చున్నా! కోపం వస్తుంది, పోతుంది అనుకున్నా..."

రస్ నోరు తెరుచుకుని తల్లి వంకే చూస్తున్నాడు.

"ఆ తుపాకీ సరస్సులో పారేశానని అందరికీ చెప్పా. పారెయ్యలేక మంచం కింద దాచుకున్నా. నిన్న పొద్దున వీడొచ్చాడు. 'అమ్మా, నాన్న తుపాకీ నీ దగ్గరే ఉందని నాకు తెలుసు, ఇటివ్వు, తుడిచి తెచ్చిస్తా' అన్నాడు. ఆ మాటే! నేను కల్పించిన ఆ మాటే తెచ్చి నా మొహాన పెట్టాడు! నా గుండె ఆగిపోయిందమ్మా..." ఆవిడ కర్ర మీద చేతులు సర్దుకుంది. "దాన్ని దుప్పట్లో చుట్టి తెచ్చి, ఇందాకే గుమ్మం దగ్గర షెరీఫ్ మనిషికి అప్పజెప్పా. నా కోడలు కళ్ళు తెరిచి చూసింది. నేను చెయ్యలేని పని చేసింది. నేను దాన్ని నోటికొచ్చినట్టు తిట్టా."

డేల్ రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు. "అమ్మా..." అన్న మాట ఒక్కటే వినిపించింది.

తుపాకులు తీసుకెళ్ళిన నాటి నుంచి ఏడాదిపాటు అతని దగ్గర తుపాకీ ఉండకూడదని జడ్జి ఉత్తర్వు రాశారు. బయట మెట్ల మీద ఐలీ కోడలి చెయ్యి పట్టుకుంది. ఆ వచ్చే ఆదివారం చర్చిలో, ఖాళీగా ఉండే ఆ బెంచీలో కారిన్ పక్కనే వచ్చి కూర్చుంది. చలికాలం ముదిరేసరికి పెట్టెతో సహా కోడలింటికే వచ్చేసింది. పిండిలో ఉప్పు తక్కువైందనీ, కాఫీ పలచనైందనీ సాధించడం మాత్రం మానలేదనుకోండి!

డేల్ రాలేదు. రస్ ఇంట్లోనే ఉంటూ వారం వారం డాక్టరు దగ్గరికి వెళ్తున్నాడని తెలిసేది. భార్యకి ఒక్క ఫోను లేదు, ఒక్క మాట లేదు. కోటు మాత్రం కొక్కేనికే ఉంది. కారిన్ దాన్ని తియ్యనూ లేదు, పారెయ్యనూ లేదు.

ఏడాది గడిచింది. పదమూడో తారీకుతో ఉత్తర్వు గడువు తీరిపోయింది. ఆ రెండు రోజులూ కారిన్‌కి అన్నం సయించలేదు. ఇక అడ్డు ఏముంది? వెళ్ళి అడిగితే ఇచ్చేస్తారు...

పదిహేనో తారీకు తెల్లవారింది. పేస్టీలు పొయ్యిలోంచి తీస్తుండగా పెరటి తలుపు తట్టిన చప్పుడైంది. డేల్! తన ఇంటి తలుపు తనే తట్టి నిలబడ్డాడు. చిక్కిపోయాడు, గడ్డం నెరిసింది. కానీ కారిన్ కళ్ళు ముందు అతని చేతుల మీదికే పోయాయి. ఖాళీగా ఉన్నాయి.

"కోటు కోసం వచ్చా" అన్నాడు.

"వేటకా...?"

"వేట గుడిసెలో రస్ వాళ్ళకి వంట చెయ్యడానికి. దారంతా అడవే కదా. కోటు లేకపోతే నన్నే కాల్చేస్తారు."

ఆమెకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"నిన్న షెరీఫ్ ఆఫీసుకి వెళ్ళా" అన్నాడు అతనే. "తెచ్చుకోనని రాసిచ్చి వచ్చా. నాన్నదానితో కలిపి ఆరు తుపాకులకీ."

"డేల్!"

"నీకోసమేం కాదు. నిన్నింకా క్షమించలేదు నేను."

"సరే" అంది కారిన్.

అతను లోపలికి వచ్చి కోటు మీద చెయ్యి వేశాడు గానీ తియ్యలేదు. గోడవైపు తిరిగే మాట్లాడాడు.

"ఆగస్టులో గ్లెన్ కూతురి పెళ్ళయింది. రస్ బలవంతంగా లాక్కెళ్ళాడు. ఆ మిల్లు హాల్లోనే... గ్లెన్ ఆ పిల్లతో డాన్సు చేశాడు. వాడికి డాన్సు ఎక్కడొచ్చు? పిల్ల కాళ్ళు తొక్కుతూనే ఉన్నాడు. అది నవ్వుతూనే ఉంది. వాడు ఏడుస్తూ తొక్కుతున్నాడు, అది నవ్వుతోంది... నేను వెనక తలుపు దగ్గర నిలబడి చూస్తున్నా, కారిన్."

కోటు కాలరు గుప్పిట్లో పట్టుకున్నాడు.

"కుర్చీల కోసం కాదు" అన్నాడు.

కారిన్‌కి తెలుసు. ఏడాదిగా తెలుసు. అయినా అతని నోట వినేసరికి ఇన్నాళ్ళూ బిగబట్టిన ఏడుపు కట్ట తెంచుకుంది. ఆ వంటింట్లో ఇద్దరూ ఒకరినొకరు తాకకుండా, చెరో గోడ దగ్గరా నిలబడి ఏడ్చారు.

"ఎవరే పిల్లా?" అని లోపల్నించి ఐలీ కేకేసింది.

"మీ అబ్బాయి అత్తయ్యా! కోటు కోసం వచ్చాడు."

"కోటు ఎక్కడికీ పోదులే! ముందు తినమను!"

కారిన్ పళ్ళెంలోంచి ఒక పేస్టీ తీసి బల్ల మీద పెట్టింది. డేల్ దాన్ని తిప్పి చూశాడు. అంచున పిండితో అతికించిన అక్షరం ఉంది, అతనిదే. అతను వస్తాడని ఆమెకి తెలియదు, అయినా ఎప్పటిలాగే చేసి పెట్టింది. డేల్ కుర్చీ లాక్కుని కూర్చుని, వాళ్ళ తాతలు తిన్నట్టే అక్షరం లేని కొసనుంచి తినడం మొదలుపెట్టాడు. కారిన్ కాఫీ పోసి ఎదురుగా కూర్చుంది.