కుట్టుమిషను ఇంట్లో మాటలు

ఆ ఊళ్ళో కుట్టుమిషను ఇల్లంటే ఎంత భయమంటే, పగటిపూట కూడా దాని అరుగు మీద ఎవరూ కూర్చోరట. ఒకప్పుడు అందులో అక్కచెల్లెళ్ళిద్దరు బట్టలు కుట్టి బతికేవారు. ఊరంతా చెల్లెలి దగ్గరికే వెళ్తుంటే, అక్క చూసి ఓర్వలేక ఆమెతో మాట్లాడటం మానేసింది. ఆ పంతం మీదే ఉండి కన్నుమూసింది. చెల్లెలు ఇల్లు వదిలి వెళ్ళిపోయింది.

అప్పటినుంచి చీకటి పడితే చాలు — తాళం వేసిన ఆ ఇంట్లో ఎవరో మెల్లగా, బతిమాలుతున్నట్టు మాట్లాడుతుంటారట...

అలాంటి ఇంటిని లైబ్రరీకి ఊరికే ఇచ్చారంటే ఆశ్చర్యమేముంది? సెలవుల్లో పట్నం కాలేజీ నుంచి వచ్చిన విద్యార్థులు బూజు దులిపి, సున్నం కొట్టి, గోడలకి అరలు బిగించారు. అసలీ ఆలోచన వాళ్ళలో నిచ్చెన అనే అమ్మాయిది. మనిషి పొడుగని స్నేహితులు పెట్టిన పేరు అది. ఇల్లిల్లూ తిరిగి పుస్తకాలు అడిగి తెచ్చింది ఆమే, బస్సు మీదికి మూటలెక్కించింది ఆమే.

ఆమె స్నేహితురాలు చిలక అందరికన్నా ఆఖర్న వచ్చింది. వచ్చీ రాగానే పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని కథలు చదివింది. అంతే... ఊరు ఊరంతా "చిలకక్కా" అంటూ దాని వెనకే!

తెల్లారితే ప్రారంభం అనగా ఊరిపెద్ద వచ్చి చూశాడు. "అంతా ఈ అమ్మాయి చలవే" అంటూ చిలకని మెచ్చుకున్నాడు. స్టూలెక్కి మేకులు కొడుతున్న నిచ్చెన వంక కన్నెత్తి కూడా చూడలేదు. నిచ్చెనకి ఒళ్ళంతా కారం రాసినట్టయింది.

చీకటి పడింది. మిగతావాళ్ళు భోజనాలకి తాము దిగిన బడికి వెళ్ళారు. చిలక ఒక్కతే ముందు గదిలో కూర్చుని పుస్తకాలకి నంబరు చీటీలు అంటిస్తోంది. నిచ్చెన తలనొప్పని చెప్పి తప్పించుకుని, పెరటి వైపు నుంచి వెనక గదిలోకి దూరింది. మధ్య తలుపు దబదబా బాదితే చిలక కెవ్వుమంటూ వీధిలో పడాలి... ఊరంతా చూసి నవ్వాలి. అదీ ఆమె ఎత్తు.

చెయ్యెత్తింది.

అప్పుడే — ముందు గదిలో చిలక గొంతు.

"వచ్చావా! తలనొప్పి తగ్గిందా?"

నిచ్చెన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. తనని చూసేసిందా? తలుపు మూసే ఉందే...

"తగ్గిందే. ఆ జిగురు ఇలా ఇవ్వు" అంది ఇంకో గొంతు.

అది నిచ్చెన గొంతు. పొద్దుట్నుంచి పట్టిన జలుబు జీరతో సహా... అచ్చం తన గొంతు.

"నీకు నా మీద కోపం అనుకున్నానే" అంటోంది చిలక.

"కోపం కాదు... కుళ్ళు. పిల్లలు నీ చుట్టూ చేరితే చూడలేకపోయాను. నన్ను క్షమించవే."

చిలక ఏడుస్తోంది. "పిచ్చిదానా... ఇదంతా నువ్వు చేసిందని రేపు అందరి ముందూ చెప్పాలనే అనుకున్నాను."

నిచ్చెనకి భయం వెయ్యాలి. వేసింది కూడా. కానీ దాన్ని మించి ఇంకోటి భగ్గుమంది — ఆ కన్నీళ్ళు నావి... ఆ స్నేహం నాది... మధ్యలో అదెవతె?

తలుపు తోసుకుని వెళ్ళింది.

లాంతరు వెలుగులో చాప మీద చిలక ఒక్కతే. చెయ్యి పక్కకి చాచి, వేళ్ళు ముడిచి ఉంది — ఎవరి చేతినో పట్టుకున్నట్టు. నిచ్చెనని చూసింది. పక్కకి చూసింది. మళ్ళీ నిచ్చెనని చూసింది.

"మరి... ఇది ఎవరి చెయ్యి?"

ఇద్దరూ ఎలా వీధిలో పడ్డారో వాళ్ళకే తెలీదు.

మర్నాడు జనం మధ్య ప్రారంభం బాగానే జరిగింది. చిలక అన్నట్టే నిచ్చెన గురించి చెప్పింది. అందరూ చప్పట్లు కొట్టారు. సాయంత్రం తాళం వేసే ముందు నిచ్చెన ధైర్యం కూడదీసుకుని, "నీ మీద కుళ్ళుకున్నానే. తప్పయిపోయింది" అంది.

"తెలుసు. చెప్పావుగా."

"అది నేను కాదే!"

"ఊఁ... నిజమే" అంది చిలక నెమ్మదిగా. "అది ఇంకా మెత్తగా చెప్పింది."

నిచ్చెన మొహం నల్లబడింది. విసురుగా తలుపు లాగి తాళం వేసింది. వెంటనే లోపలి నుంచి, జలుబు జీర గొంతు —

"చిలకా... అప్పుడే వెళ్ళిపోతున్నావా?"

చిలక కేక వెయ్యలేదు. నిచ్చెన పట్టుకున్న చెయ్యి విడిపించుకుని, తలుపు వైపు ఒక అడుగు వేసింది.