పుత్తూరు దగ్గర మారిన దాగలి

...లేక టీ తాగుతున్నప్పుడే ఎవరైనా మార్చేశారా? పుత్తూరు దగ్గర ఆటో ఆపిన మాట నిజమే. బండికి వీపు పెట్టి నిలబడిన మాటా నిజమే. కానీ ఇద్దరు మగవాళ్ళు రొప్పుతూ ఎత్తే ఇనుప దిమ్మను, ఒక గ్లాసు టీ అయిపోయేలోపు దించి, అలాంటిదే ఇంకొకటి ఎక్కించి పోయే దొంగ ఉంటాడా? ఉండడని ధనంజయకు తెలుసు. అయినా దాగలి మారిందని నాయన చెప్పాడు. నాయన చెవి తప్పు వినదు. ఆయన ఏరింది మంచిదై, ఇంటికి చేరింది చెడ్డదైతే, ఆ రెంటికీ మధ్య ఉన్నది తానొక్కడే. ఎటునుంచి ఆలోచించినా చివరికి తన దగ్గరికే వస్తోంది. ఒక్కోసారి తానే మార్చి మరిచిపోయాడేమో అని కూడా అనిపిస్తోంది.

"లోపలికి రాప్పా. గడప మీద నిలబడి ఎవరితో మాట్లాడతాండావు?"

ధనంజయ ఉలిక్కిపడ్డాడు. తిరుపతి బస్టాండు వెనక, ఫోటో స్టూడియో మేడ మీది ఆ గదిలో యాభై దాటిన ఒకావిడ కూర్చుని ఉంది. ప్రైవేటు డిటెక్టివు చంద్రకాంతమ్మ. పెళ్ళి సంబంధాల విచారణలే ఆమెకు ఎక్కువగా వచ్చే పని. పక్కన సహాయకుడు అష్రఫ్. ఆమె ఎప్పటికీ పొరబడదని నమ్మే మనిషి లోకంలో అతనొక్కడే.

ధనంజయ మెల్లగా చెప్పుకొచ్చాడు. సత్యవేడులో వాళ్ళది కమ్మరి కొలిమి. ఎర్రగా కాలిన ఇనుమును పెట్టి సాగగొట్టే పాత దాగలి నడుమ అరిగి గుంట పడింది. తిరుపతిలో బుడేన్ సాహెబ్ పాత ఇనుము కొట్టులో వేరొకటి దొరికింది. దాని మీద ఏ కంపెనీ ముద్రా లేదు. తండ్రి మునెయ్య సుత్తితో కొట్టి, విని, ఉక్కేనన్నాడు. ఆయన బస్సులో వెళ్ళిపోయాడు. ధనంజయ దాన్ని ఆటోలో తెచ్చాడు. పనిలోకి దించిన కొద్దిరోజులకే దాని అంచు విరిగి, ఆ ముక్క ఎగిరి అన్న మునిశేఖర్ కుడికన్నులో దిగింది. కన్ను పోయింది.

"ఇరిగిన తావున సూస్తే బూడిద రంగు, ఉప్పురవ్వ మాదిరి. ఉక్కు కాదు, పెళుసు పోత ఇనుము మేడం. నాయన సూసి, నేను ఇన్నది ఇది కాదన్నాడు. నేను మంచిదాన్ని అమ్ముకొని దీన్ని తెచ్చినానని మా అన్న సోమవారం స్టేషన్‌కు పోతాండాడు."

"మీ నాయన నిన్నేమన్నాడు?"

"ఏమీ అన్లా. నా మొగమే సూడ్డంలే."

పాత ఇనుము కొట్టులో చంద్రకాంతమ్మ ఆరా తీస్తే, బుడేన్ సాహెబ్ తెల్లగడ్డం సవరించుకుంటూ నవ్వాడు. "ఇనుము నాది, ఏరుకునేది వాళ్ళమ్మా. పాత ఇనుముకు జాతకం రాసిచ్చేదానికి నేనేం పంతుల్నా?"

"మునెయ్య ఎట్లా చూశాడు?"

"మొక్కినట్టే సూసినాడు. ఎడం అరచెయ్యి దాగలి మీద ఆనిచ్చి, కండ్లు మూసుకొని, కుడిచేత్తో కొట్టినాడు."

"మీరు విన్నారా ఆ మోత?"

"యాడమ్మా! పక్కనే లారీ నుంచి కమ్ములు దించతాండారు. ఈ నేలే గడగడ వణికిపోయింది."

దాగలి ఉండిన చోట సిమెంటు నేల మీద పచ్చ రంగు చిందినట్టుంది. కిటికీ ఊచలకు రంగేసేటప్పుడు పడిందట. ఆ మరక ఒక చోట కత్తిరించినట్టు ఆగిపోయింది. అష్రఫ్ దాని మీద న్యూస్‌పేపరు పరిచి పెన్సిలుతో మరక ఆకారం గీసుకున్నాడు.

సత్యవేడులో కొలిమి సందు మధ్యన ఒక ముసలాయన నడుస్తున్నాడు. అష్రఫ్ వెనకనుంచి రెండుసార్లు హారన్ కొట్టినా తప్పుకోలేదు.

"ఏం పొగరు మేడం!" అన్నాడు అష్రఫ్.

ఇంట్లోంచి మునిశేఖర్ భార్య నాగులమ్మ వచ్చి ముసలాయన భుజం తాకింది. అప్పుడు మునెయ్య తిరిగి చూశాడు. చంద్రకాంతమ్మ మాట్లాడినంతసేపూ ఆయన ఆమె కళ్ళలోకి చూడలేదు. పెదవులనే చూస్తున్నాడు.

లోపల అష్రఫ్ ఒంగి, విరిగిన దాగలి అడుగంచున మసి తుడిచాడు. కింద పచ్చరంగు. న్యూస్‌పేపరు ఆనిస్తే, కొట్టులో ఆగిన మరక ఇక్కడ కొనసాగింది.

చంద్రకాంతమ్మ అందరినీ కొలిమి దగ్గరికి పిలిపించింది. మునిశేఖర్ కంటికి కట్టుతో పెట్టె మీద కూర్చున్నాడు. బుడేన్ సాహెబ్ గడప దగ్గరే ఆగిపోయాడు. ధనంజయ గోడకు ఆనుకున్నాడు.

"దారిలో ఏమీ మారలేదు," అందామె. "పెద్దాయన ఏరిందీ ఇదే, ధనంజయ తెచ్చిందీ ఇదే. రంగు మరక చెప్తోంది." బేరింగు గోలీ ఒకటి తీసి పాత దాగలి మీద వదిలింది. అది చేతి ఎత్తుకు ఎగిరింది. విరిగినదాని మీద వదిలితే బెత్తెడు లేచి, దొర్లి పడిపోయింది.

"ఉక్కో కాదో తేల్చేది ఇంత సులువా?" అన్నాడు మునిశేఖర్ నీరసంగా.

"ఇంతే. మీరెందుకు చూసుకోలేదు?"

"నాయన సూసినాక మళ్ళా నేను సూసేదెట్లా? ఆయన్ని అనుమానించినట్టు గదా."

చంద్రకాంతమ్మ మునెయ్యకు ఎదురుగా వెళ్ళి నిలబడింది. "పెద్దాయనా, గోడ పక్కకు తిరగండి. నేను భుజం తట్టినప్పుడు, కొట్టింది ఏ దాగలినో చెప్పండి."

మునెయ్య తిరిగాడు. అష్రఫ్ సుత్తి ఎత్తాడు. ఆమె వేలెత్తి వద్దని సైగ చేసింది. సుత్తి గాలిలోనే ఆగింది. ఆమె భుజం తట్టింది.

ముసలాయన తల ఓరగా వాల్చాడు. కళ్ళు మూసుకున్నాడు. "ఇది పాతది. మోత సూడండి, ఎంత శుద్ధంగా ఉండాదో."

సుత్తి ఇంకా గాలిలోనే ఉంది. గోడవైపు తిరిగి ఆయన ఇంకా మెచ్చుకోలుగా తలాడిస్తున్నాడు.

"అరచెయ్యి ఆనిస్తే దాగలి మోగదు," అంది చంద్రకాంతమ్మ. "మోత వినదలచుకున్న కమ్మరి చెయ్యి ఆనించడు. ఈయన అదురును చేత్తో పట్టుకోవాలని చూశాడు. లారీలో కమ్ములు పడుతుంటే నేల అదిరింది. ఆ అదురునే ఉక్కు అనుకున్నాడు. అంచు విరిగినాక సంగతి తెలిసింది. తన చెవి పోయిందని అనడం కంటే, దాగలి మారిందనడం ఆయనకు సులువైంది. మారిందంటే మార్చినవాడు ఒకడుండాలి గదా."

అష్రఫ్ ఆమెవైపు ఎప్పటిలాగే ఆరాధనగా చూశాడు. ఆమెకు ఆ చూపు ఈసారి రోతగా తోచింది. ఇదే మాట ముసలాయన్ని చాటుకు పిలిచి అడిగి ఉండొచ్చు. అడగాలనిపించలేదు. అందరి ముందూ పట్టుకోవడంలో తనకొక రుచి ఉంది.

"మామ తక్కువ ఇంటాడని నాకు తెలుసు," అంది నాగులమ్మ నేల చూపులతో. "ఆ మాటంటే కంచం ఇసిరేస్తాడు. అందుకే భుజం తట్టి పిలుస్తాండా."

"నా కన్ను పోయినాక కూడా చెప్పలేదే నువ్వు!" మునిశేఖర్ పెట్టె మీదనుంచి లేచాడు. తర్వాత, తమ్ముడివైపు చూడకుండా, "నేను స్టేషన్‌కు పోన్లేరా," అన్నాడు.

మునెయ్య ఇటు తిరిగి ఒక్కొక్కరి నోరూ వెతుకుతున్నాడు. అందరి పెదవులూ మూసుకునే ఉన్నాయి.

ధనంజయ తల ఎత్తకుండా, గొణిగినట్టుగా అడిగాడు. "నాయనా, దాగలి మారిందని నమ్మే అన్నావా? నమ్మకనే అన్నావా?"

ముసలాయనకు కొడుకు గడ్డం కదలడం కనిపించింది. ఆ తర్వాత ఆయన కుడిచెయ్యి మెల్లగా లేచి, దొప్పలాగా చెవి వెనక నిలిచింది.

"ఏమంటివి నాయనా? నాకు ఇనపడలా. మళ్ళా చెప్పు."

ఆ ఇంట్లో ఆ మాట ఆయన నోట ఎవరూ ఎన్నడూ విని ఉండలేదు.

ధనంజయ దగ్గరికి వెళ్ళాడు. నోరు తండ్రి చెవిదాకా తెచ్చాడు. పెదవులు విడివడ్డాయి గానీ ఆ ప్రశ్న మళ్ళీ రాలేదు. తండ్రి చేతిని మణికట్టు దగ్గర పట్టుకుని, చెవి మీదనుంచి కిందికి దించాడు.