రోగం కనబడాలె

తెల్లవారుజామున ఏరుకొచ్చిన ఇప్పపువ్వును వాకిట్లో ఆరబోసి, ప్రమీల బట్టలు ఉతకడానికి కూర్చుంది. మొగుడి చొక్కా జేబులో చెయ్యి పెడితే సగం కరిగి అంటుకుపోయిన మాత్రలు తగిలాయి. ఒకటి కాదు, గుప్పెడు. రోజూ రాత్రి అన్నం తిన్నాక తన చేత్తో ఇచ్చిన మాత్రలే అవి.

పోతయ్య రెండువేల మూడులో ఫౌజు నుంచి వచ్చేశాడు. కశ్మీరు సరిహద్దులో బాంబు పేలి పక్కనున్న నేస్తాలు పోయారు. ఇతని ఒంటిమీద గీత కూడా పడలేదు గానీ, నిద్ర పోయింది, మాట పోయింది. మనసుకు తగిలిన దెబ్బేనని డాక్టర్లు తేల్చి, వైకల్యానికి ఇంత శాతమని కట్టి, పెన్షనిచ్చి ఇంటికి పంపారు. ఖమ్మం డాక్టరిచ్చే మందుతో ఈ మధ్యనే మనిషి మనిషయ్యాడు. అలాంటివాడు మింగినట్టు నటించి మాత్రలు జేబులో వేసుకున్నాడంటే ప్రమీలకు ఒళ్లు మండదా మరి?

"ఎందుకు మింగుతలేవు?" అని నిలదీసింది.

పోతయ్య తల దించుకున్నాడు. "నాయిన వద్దన్నడు."

చేతిలో ఆ చొక్కాతోనే ఆమె మామ ముందుకు పోయి నిలబడింది. పోతయ్య వెనకే వచ్చాడు. భీమయ్య మంచంమీద కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు. చెడ్డవాడేం కాదు, తన తెలివిమీద తనకు నమ్మకం కొంచెం ఎక్కువ, అంతే.

"ఏంది మామా ఇది? మందు మాన్పిచ్చినవా?"

"అవ్, మాన్పిచ్చిన. వచ్చే వారం బోర్డున్నది గదా."

బోర్డంటే మిలటరీ డాక్టర్లు మనిషిని మళ్లీ చూసి శాతం కట్టడం. పోయినసారి పోతయ్య నున్నగా గడ్డం గీసుకుని, బూట్లు మెరిపించుకుని వెళ్లాడు. ఎలా ఉన్నావని పెద్ద సాబు అడగగానే మడమలు కలిపి, "ఠీక్ హూఁ సాబ్" అన్నాడు. ఆఫీసరు ముందు బాగాలేనని చెప్పడం ఫౌజులో ఎవరు నేర్పారు గనక? శాతం తగ్గించి పంపారు. ఇంకోసారి తగ్గితే వైకల్యం పెన్షనే ఆగిపోతుంది.

"అడగంది అమ్మయినా పెట్టదు. ఈడేమో అడగడు," అన్నాడు భీమయ్య. "మందు మింగి గుండ్రాయి లెక్క నిలబడితే రోగమున్నదని ఎవడు నమ్ముతడు? రోగం కనబడాలె. మందు మానితే అదే కనబడుతది. ఆని కూటి కోసమే చేసిన."

"కూడు నేను తెస్త. కూలికి పోత, పువ్వు అమ్ముత. మనిషిని నువ్వు తెచ్చిస్తవా?"

"మామతోని మాట్లాడే తీరేనా ఇది?"

"కాదు. అయినా మాట్లాడుత. మందు మానిన సంది మళ్ల మంచం కింద పండుకుంటుండు, చూసినవా ఒక్కనాడన్న?"

భీమయ్య బదులు చెప్పేలోపే నేల అదిరింది. ఇల్లందు వైపు బొగ్గు గనిలో అప్పుడప్పుడు బండ పేలుస్తారు. ఇంటి పెంకులు గలగలమన్నా ఊళ్లో ఎవరూ తల తిప్పరు.

పోతయ్య ఒక్క దూకు దూకి తండ్రిని మంచంమీద నుంచి నేలకు లాగాడు. బోర్లా పడేసి, మీద పడి కప్పేశాడు. "తల ఎత్తకు నాయినా. ఇంకోటి పడ్తది. ఎత్తకు."

భీమయ్యకు ఊపిరాడలేదు. అంత పెద్ద కొడుకు బరువంతా తనమీదే ఉంది, ఆ బరువు గడగడ వణుకుతోంది. కొడుకు గుండె తన వీపుమీద దబదబ కొట్టుకుంటోంది. ప్రమీల లేపబోతే ముసలాయన వద్దని చెయ్యి ఊపాడు. "ఎత్తను బిడ్డా. నేనీడనే ఉన్న," అంటూ మట్టిలో ముఖం పెట్టుకుని ఆ వణుకు తగ్గేదాకా అలాగే పడుకున్నాడు.

చాలాసేపటికి పోతయ్య తేరుకుని లేచాడు. ఏం జరిగిందో అర్థమై సిగ్గుతో ముడుచుకుపోయాడు. తండ్రి మోచేయి చీరుకుపోయి నెత్తురు కారుతోంది.

"నాయినా, దెబ్బ తగిలిందా నీకు?" అన్నాడు.

పెళ్లాం పోయిననాడు కూడా కంట తడి పెట్టని భీమయ్య ఆ ఒక్క మాటకు భోరున ఏడ్చాడు. "నేనే చేసిన కొడకా. ఆళ్లకు కనబడాలె అనుకున్న. నీకు లోపల గిట్ల ఉంటదని తెల్వలే."

ప్రమీల కోపం అంతటితో పోలేదు. అయినా నీళ్లు తెచ్చి మామ మోచేయి కడిగింది. "రేపు పొద్దుగాల బస్సుకే ఖమ్మం పోదాం. మధ్యల మానినమని డాక్టరుకు చెప్పి, మళ్ల ఎట్ల మొదలుపెట్టాల్నో అడగాలె."

"పోదాం. బోర్డుకు గూడ నేనొస్త," అన్నాడు భీమయ్య. "ఈడు మందు మింగే వస్తడు. ఇట్ల నిలబడ్డదే ఆ మందుతోని అని నేను చెప్త సాబుకు. శాతం పోతే పోనియ్యి."

పోతయ్య తండ్రి చేయి పట్టుకుని మంచంమీద కూర్చోబెట్టాడు.

"నిన్ను లోపలికి రానియ్యరు నాయినా," అన్నాడు. "నేనే చెప్త. నాకు బాగలేదని నేనే చెప్త."

ఇంటికొచ్చిన మూడేళ్లలో అతని నోట ఆ మాట రావడం అదే మొదలు. ప్రమీల మామ మోచేతికి గుడ్డ కడుతూ అలాగే ఆగిపోయింది.