పొద్దుటి టక్‌టక్

"ఆదివారం ప్రార్థన అయినంక బడంగ్‌పేట్ నుంచి కొనేటోళ్లొస్తరు. బండి అమ్మేస్తున్న, అంతే!" అన్నాడు దానియేలు.

మన్సూరాబాద్‌లోని ఆ ఇంటి మేడమీద కిరాయికుండే జోస్నా, మెట్లు దిగుతూ ఆ మాటకు ఆగిపోయింది.

కింద దానియేలు కొడుకు ఆనంద్, కారు బానెట్ తెరిచి బిక్కమొహం వేసుకుని నిలబడ్డాడు. తండ్రి పాత కారుకు తనే ముచ్చటపడి ఎల్.బి.నగర్‌లో కొత్త పైపులు, లావుపాటి సైలెన్సర్ పెట్టించాడు. అప్పటినుంచీ మీటర్‌లో పసుపు రంగు ఇంజన్ బొమ్మ వెలుగుతూనే ఉంది. పొగలో గాలి ఎంతుందో చూసే ఆక్సిజన్ సెన్సర్ పోయిందన్నారు మెకానిక్‌లు. కొత్తది వేయించాడు. మళ్లీ వెలిగింది. ఇంకోటి వేయించాడు. అదీ అంతే.

"సెన్సర్ డూప్లికేట్ కావచ్చు నాయనా..."

"రెండూ డూప్లికేటేనా? బండి ఒరిజినలే, నువ్వే డూప్లికేట్‌రా!"

తండ్రి విసురుగా లోపలికి వెళ్లాడు.

"నవ్వకు జోస్నా."

"నేనేం నవ్వలే."

"పళ్లు కనబడ్తున్నయి."

దిల్‌సుఖ్‌నగర్ చీరల షాపుకు ఆలస్యమవుతోంది. అయినా ఆమె కదల్లేదు. చెబితే తన గుట్టు బయటపడుతుంది. చెప్పకపోతే బండి పోతుంది.

"పొద్దుగాల టక్‌టక్ అంటది కదా, గది మెకానిక్‌కు చెప్పినవా?"

"ఏ టక్‌టక్? మెకానిక్ షాపుల ఎంతసేపు విన్నా ఏం లేదన్నరు."

"ఆడికి పోయేసరికి ఇంజన్ వేడెక్కుతది. చల్లగున్నప్పుడే వస్తది. సందు మలుపు దాటంగనే తగ్గిపోతది. నువ్వు ఎక్కంగనే పాటలు పెడ్తవు, నీకేం వినబడ్తది?"

అనేసి నాలుక కరుచుకుంది.

మర్నాడు పొద్దున ఆనంద్ తల్లి ఎలీశమ్మ కారు తాళం తిప్పింది. ఆనంద్ తడిగుడ్డతో సైలెన్సర్ మూతిని మూసి పట్టుకున్నాడు. టక్‌టక్ మొదలైంది. ట్యూబు పంక్చర్ వెతికినట్టు, జోస్నా పైపు అతుకు మీద మగ్గులోని సబ్బునీళ్లు చల్లింది. ఇంజన్‌కు, సెన్సర్‌కు నడుమ బుడగలు బుసబుసా పొంగాయి.

"దొరికింది!" అని ఎగిరాడు ఆనంద్. ముఖమంతా మసి.

ఆ అతుకు సందులోంచి పొగ బయటికి పోతూ, నడుమనడుమ బయటి గాలి లోపలికి చేరుతోంది. పాపం, సెన్సర్ ఉన్నది ఉన్నట్టే చెప్పింది. తిట్లన్నీ దానికే పడ్డాయి.

"రోజూ ఈన్నే ఉంటం, మాకు వినబడలే. నీకెట్ల వినబడ్డది బిడ్డా?" అడిగింది ఎలీశమ్మ.

జోస్నా మగ్గువైపు చూసింది. తర్వాత తలెత్తింది.

"రోజూ కిటికీల నిలబడి వింట, ఆంటీ."

ఆనంద్ చేతిలోని తడిగుడ్డ జారిపడింది. ఎలీశమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఇంట్లోకి నడిచింది. "ఓ అయ్యా, బండి కొనేటోళ్లను రావద్దని చెప్పు! పిల్ల దొరికింది!"

అతుకులో గాలి చొరకుండా కొత్త గాస్కెట్ వేయించి, లైటు ఆర్పించారు. రోజంతా ట్రాఫిక్‌లో తిప్పినా అది మళ్లీ వెలగలేదు. ఆదివారం ప్రార్థన నుంచి వస్తూ దానియేలు మీటర్‌నే చూస్తూ కూర్చున్నాడు. ఇంటి ముందు దిగి, తాళం కొడుకు చేతిలో పెట్టాడు.

"జోస్నాను ఇంటికోడలు చేసుకుంటమని వాళ్ల నాయనకు ఫోన్ చేసిన. వస్తున్నడు."

సోమవారం జోస్నా మెట్లు దిగేసరికి కారు సిద్ధంగా ఉంది. టక్‌టక్ లేదు. పాటలూ లేవు.

"చప్పుడు పోయింది గదా, నేను పోతున్నట్టు నీకెట్ల తెలుస్తదిగ?" అన్నాడు ఆనంద్ దిగులు నటిస్తూ.

ఆమె ముందు తలుపు తీసి దర్జాగా కూర్చుంది.

"పక్క సీట్ల కూసుంటే తెల్వదా? పోనియ్యి, షాపుకు లేటైతుంది!"