పదిహేడో నంబరు తరఫున ఒకరు

అత్త ప్రాణం పోతున్న వేళ కోడలు బైకు రేసులో బండి నడుపుతోంది. ఇందులో తేల్చుకోవలసింది ఏమీ లేదు. లేత్ మేస్త్రి ఈ సంగతి మీద ఎవరితోనూ వాదించలేదు. ఆ రోజు నుంచి కోడలితో మాట్లాడటం మానేశాడు, అంతే. పదకొండు నెలలైంది.

ఆమె బండి పని మాత్రం ఆయనే చేస్తున్నాడు. పోవడానికి వారం ముందు భార్య మంచం మీంచి మాట తీసుకుంది. "దాని బండి మీద పరాయి చెయ్యి పడనివ్వకు" అంది. ఇచ్చిన మాట కాబట్టి చేస్తున్నాడు. ప్రేమతో కాదు.

ఆ ఇంట్లో బండి బిగించడానికి ఒక పద్ధతి ఉండేది. బోల్టు బిగించేది మేస్త్రి. దాని మీద గీత గీసేది ఆయన భార్య. పక్కన స్టూలు వేసుకుని, ఎర్రటి గోళ్లరంగు సీసా ఒళ్లో పెట్టుకుని, ఒక్కొక్క బోల్టునీ పేరు పెట్టి పిలిచేది.

"ముందు ఇరుసు?"

"అయ్యింది."

"బ్రేకు?"

"అయ్యింది."

ఆయన అయ్యింది అన్నాకే బోల్టు మీంచి పక్క ఇనుము మీదకి సన్నటి గీత పడేది. గీత విరగలేదంటే బోల్టు కదల్లేదని అర్థం. కోడలు బండి ఎక్కేముందు ఆ గీతల్నే చూసుకునేది. చేత్తో పట్టి చూసేది కాదు. "అత్తయ్య గీసిందంటే రాతిలో గీసినట్టే" అనేది.

ఇప్పుడు బిగించేదీ గీసేదీ ఆయనే. పిలిచేవాళ్లు లేరు.

ఆ ఆదివారం ఉదయం ఇంటి వెనక షెడ్లో ముందు చక్రం ఎక్కించాడు. కొత్త టైరు. ఇరుసు దూర్చి, నట్టు వేళ్లతో తిప్పి ఆనించాడు. రెంచి కోసం బల్ల వైపు తిరుగుతుండగా కొడుకు టీ పట్టుకొచ్చాడు. కొడుక్కి కళ్లజోళ్ల కొట్టుంది. ఆ కొట్లో కూర్చుని కూర్చుని వాడి మాటలకి కూడా పవరు ఎక్కువైంది.

"నిలబడ్డావేం? కళ్లజోళ్లు అమ్మేవాడికి షెడ్లో ఏం పని?" అన్నాడు మేస్త్రి.

"నీ చూపు పరీక్ష చేద్దామని. పదకొండు నెలల్నుంచి ఇంట్లో మనిషి కనపడట్లేదు కదా నీకు."

"పొద్దున్నే మొదలెట్టకు. అది లేచిందా?"

"అది కాదు నాన్నా. నీ కోడలు."

"లేచిందా అనడిగాను."

"లేచింది." కొడుకు టీ గ్లాసు బల్ల మీద పెట్టాడు. పోకుండా అక్కడే నిలబడ్డాడు. "ఇల్లు చూసుకున్నాం నాన్నా. రెండు వీధుల అవతల. సాయంత్రం తాళాలిస్తామన్నారు."

మేస్త్రి చేతికంటిన నూనె గుడ్డతో తుడుచుకున్నాడు.

"ఒక్క మాట మాట్లాడు దాంతో. ఈ సాయంత్రంలోపు. బాగున్నావా అను చాలు. నేను తాళాలు తీసుకోను."

"ఏం మాట్లాడాలి? మీ అమ్మ చావుకి రానందుకు కప్పు వచ్చిందా అని అడగనా?"

"నాన్నా!"

"వెళ్లేవాళ్లు వెళ్లండి. కాళ్లు పట్టుకునేవాళ్లెవరూ లేరిక్కడ."

కొడుకు వెళ్లిపోయాడు. మేస్త్రి మళ్లీ బల్ల వైపు తిరిగాడు. దగ్గరలో ఉన్న గోళ్లరంగు సీసా తీసుకున్నాడు. మూత తిప్పాడు. ఇరుసు నట్టు మీద తిన్నగా గీత గీశాడు. ఆ తర్వాత బ్రేకు, గొలుసు, మిగతావన్నీ ఒక్కొక్కటే బిగించి గీసుకుంటూ పోయాడు. టీ చల్లారిపోయింది.

*

ట్రాక్ ఊరి బయట ఉంటుంది. చుట్టూ బీడు. ఒకే వరసలో రేకుల గదులు, వాటి ముందు వ్యాన్లు, రబ్బరు మాడిన వాసన. వారమంతా ఎక్కడెక్కడో పని చేసుకునేవాళ్లు ఆదివారం ఇక్కడికొచ్చి తోలు బట్టలు తొడుక్కుంటారు. కోడలు ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తుంది. అత్త పోయాక ఆమె పోటీకి రావడం ఇదే మొదలు.

బండ్లు తనిఖీ చేసేవాడు ముందు చక్రం ఒకసారి తిప్పాడు. ఎర్ర గీతలు చూశాడు. చేతిలోని రెంచి జేబులో పెట్టేసుకున్నాడు.

"మేస్త్రిగారి గీత ఉన్నచోట మా రెంచికి పనేముంది?" అని నవ్వి ముందుకెళ్లాడు.

పదింటికి పది నిమిషాల పరుగు. దాంట్లో వచ్చిన టైమును బట్టి రేసులో ఎవరు ఎక్కడ నిలబడాలో ఉంటుంది. కోడలికి నాలుగో చోటు దొరికింది. హెల్మెట్ తీస్తూ మేస్త్రి వైపు చూసి, తర్వాత భర్త వైపు తిరిగింది.

"ముందు కొంచెం ఊగుతోంది. మామయ్యకి చెప్పండి."

మామయ్య నాలుగడుగుల దూరంలోనే ఉన్నాడు.

"నాన్నా, ముందు ఊగుతోందట."

"కొత్త టైరు. అరగాలి. చెప్పు."

"టైరు అరగాలట."

"విన్నాను" అంది కోడలు. "ఈ రెండో ఎక్స్‌రే నాకెందుకు? మొదటిదే క్లియర్‌గా ఉంది."

కొడుకు నవ్వాడు. మేస్త్రి నవ్వలేదు.

కొడుకు మడత కుర్చీలు వేశాడు. అలవాటు కొద్దీ మూడు వేశాడు. మూడోది మేస్త్రి భార్య కూర్చునేది. తీసెయ్యమందామనుకున్నాడు మేస్త్రి. అలాగే ఉండనిచ్చాడు. గాలి లేదు. మధ్యాహ్నపు ఎండకి రేకులు ఉడికిపోతున్నాయి. కాసేపటికి చూస్తే ఆ కుర్చీ గుడ్డ మధ్యలో కుంగి ఉంది, మనిషి బరువుకి కుంగినట్టు. పాత గుడ్డ, ఎండకి సాగిందనుకుని చూపు తిప్పుకున్నాడు.

ట్రాక్ పక్కన నడుమెత్తు గోడ ఉంటుంది. ఒక్కో బండి తరఫున ఒక్కో మనిషి అక్కడ నిలబడి, తమ బండి వచ్చినప్పుడల్లా బోర్డు చూపిస్తాడు. ఎన్ని చుట్లు మిగిలాయి, ముందున్నవాడు ఎంత దూరం, అదంతా. ఎర్ర బాణం ఉన్న రేకు పెడితే బండి లోపలికి వచ్చెయ్యమని. కోడలి బండికి, పదిహేడో నంబరుకి, ఆ పని మేస్త్రి భార్యే చేసేది. ఈసారి బోర్డు పట్టుకొస్తానని కొడుకు అంటే మేస్త్రి ఒప్పుకోలేదు. బోర్డు వ్యాన్లో అడుగున పడేసి ఉంది.

రెండింటికి రేసు మొదలైంది. ఎనిమిది చుట్లు. మేస్త్రి గదిలో, ట్రాక్‌కి వీపు పెట్టి కూర్చున్నాడు. ఇరవై బండ్లు ఒక్కసారి గోడ పక్కనుంచి వెళ్తే రేకులు గలగలమంటాయి. ఆ మోతలో పక్కవాడు అరిచినా వినపడదు.

నాలుగో చుట్టు మోతలో ఆయనకి వినపడింది.

"ముందు ఇరుసు?"

గట్టిగా అనలేదు. స్టూలు మీద కూర్చున్న మనిషి తల ఎత్తకుండా అడిగినట్టుంది, ఎడం పక్కనుంచి, నడుమంత ఎత్తు నుంచి. ముప్ఫయ్యేళ్ల అలవాటు, నోరు దానంతటదే తెరుచుకుంది. అయ్యింది అనబోయాడు. ఆగి పక్కకి తిరిగాడు.

"ఏమన్నావురా?" అన్నాడు కొడుకుతో.

"నేనేం అనలేదే."

బండ్లు దూరమయ్యాయి. నిశ్శబ్దం. మళ్లీ వినపడింది.

"ముందు ఇరుసు?"

ఈసారి అడిగిన గొంతులో అనుమానం లేదు. జవాబు తెలిసి అడిగినట్టుంది. మేస్త్రి తన కుడిచేతి వైపు చూసుకున్నాడు. బిగువు సరిపోగానే రెంచి చేతిలో టక్కుమంటుంది. ఆ టక్కు చేతికి గుర్తుంటుంది. బ్రేకు టక్కు గుర్తుంది. గొలుసు టక్కు గుర్తుంది. ఇరుసుది లేదు.

లేచి పరిగెత్తాడు. వ్యాను తలుపు లాగాడు. తాళ్లు, డబ్బాలు, పాత టైరు తీసి అవతల పడేశాడు. బోర్డు లేదు. ఉత్త చేతులతో గోడ వైపు పరిగెత్తాడు. గేటు దగ్గర కాపలావాడు అడ్డం నిలబడ్డాడు.

"పెద్దాయనా, ఏ నంబరు?"

"పదిహేడు. తప్పుకో."

"పదిహేడు తరఫున ఒకరు లోపలే ఉన్నారు. బండికి ఒకళ్లే."

"ఎవరు?"

"నేను నంబర్లు చూస్తాను గానీ మొహాలు చూడను. బోర్డు పట్టుకొచ్చారు, పంపించాను."

మేస్త్రి వాణ్ణి తోసుకుని వెళ్లాడు. గోడ పొడవునా మనుషులున్నారు, బోర్డులు పట్టుకుని. పదిహేడని సుద్దతో రాసిన చోట ఎవరూ లేరు. గోడకి ఆనించి బోర్డు ఉంది. దాంట్లో ఎర్ర బాణం రేకు పెట్టి ఉంది. పిడి పట్టుకున్నాడు. వెచ్చగా ఉంది. అప్పటివరకు ఎవరి చేతిలోనో ఉన్నట్టు.

పైకెత్తి పట్టుకున్నాడు. అప్పటికే పదిహేడో నంబరు ఎడం చెయ్యి గాల్లోకి లేపి, వేగం తగ్గించుకుని, ట్రాక్ అంచుకి వచ్చేసింది.

*

కోడలు గది ముందు బండి ఆపి హెల్మెట్ తీసింది.

"ఏమైంది మామయ్యా? మూడో చుట్టు నుంచి రమ్మంటూనే ఉన్నారు. నాలుగో చోటులో ఉన్నాను కదా, మొదట ఆ బాణం నమ్మలేదు. రెండోసారి కూడా బాణం కనపడేసరికి ఆగాను."

మేస్త్రి ముందు చక్రం పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఇరుసు నట్టు పట్టుకున్నాడు. ఎర్ర గీత రెండు ముక్కలై, ఒక ముక్క కిందకి జారి ఉంది. నట్టు రెండు వేళ్లకి తిరిగింది. ఇంకో నాలుగు మరలు తిరిగితే ఊడి వచ్చేది.

"నేను బిగించలేదు" అన్నాడు.

పదకొండు నెలల తర్వాత ఆమెతో ఆయన అన్న మొదటి మాట అది.

"గీత ఉంది కదా!"

"గీత గీశాను. బిగించలేదు."

కోడలు గోడకి జారగిలబడింది. "ఊగుతోందని చెప్పాను. మీ అబ్బాయి చేత చెప్పించాను. మీరు నాతో మాట్లాడేవారైతే ఎలా ఊగుతోంది, ఏ మలుపులో అని అడిగేవారు. అడిగేవారు కదా మామయ్యా?"

"అడిగేవాణ్ణి."

"చంపేసేవారు నన్ను."

ఆయన తల దించుకున్నాడు. అయినా లోపలి పంతం చావలేదు. "నువ్వు మాత్రం? మీ అత్త పోతుంటే..."

"ఆపు నాన్నా!" కొడుకు గొంతు బద్దలైంది. "ఇంక నా వల్ల కాదు. ఆ రోజు అమ్మ ఎవరికి ఫోన్ చేసిందో తెలుసా నీకు?"

"ఏవండీ, వద్దు" అంది కోడలు.

"నువ్వూరుకో. నాకు చేసింది నాన్నా. ఇక్కడికి. ఆయాసపడుతోంది. హెల్మెట్ పెట్టుకున్న మనిషికి చెడ్డమాట చెప్పకూడదురా, రేసయ్యాక ఇద్దరూ రండి అంది. నాన్నేడమ్మా అన్నాను. పిలుస్తున్నాన్రా, మిషన్ ఆడుతోంది, వినపడట్లేదు అంది. ఫోన్లో నాక్కూడా వినపడింది నీ మిషన్. నీకు ఆరుసార్లు చేశాను. ఎత్తలేదు. పక్కింటివాళ్లకి చేశాను. వాళ్లు వెళ్లేసరికే..."

మేస్త్రి నట్టు మీంచి చెయ్యి తీశాడు.

"ఇదంతా నాకెందుకు చెప్పలేదు?"

"ఇదిగో, ఇది చెప్పనివ్వలేదు." కొడుకు భార్య వైపు చెయ్యి చూపించాడు. "మామయ్య నా మీద కోపంతోనే లేచి తిరుగుతున్నారు, ఆ కోపం తీసేస్తే మనిషి మిగలరు, ఉండనీ అంది. పదకొండు నెలలు నీ పంతం భరించింది. నేను ఇల్లు మారదామన్నదీ అందుకే. చూడలేక."

షెడ్డులో ఆ రోజు ఆడుతున్న లేత్ మిషన్ మోత మేస్త్రికి గుర్తొచ్చింది. ఎవరి పంపుకో లోపల వేసే చిన్న బుష్ చేస్తున్నాడు. అర్జెంటు కూడా కాదు. భార్య పడుకున్న గదికీ షెడ్డుకీ మధ్య పదిహేను అడుగులు. ఎన్నిసార్లు పిలిచి ఉంటుంది? పేరు పెట్టి పిలిచే అలవాటు లేని మనిషి. "ఏమండీ" అనే అని ఉంటుంది, మోత ఆగుతుందేమోనని మధ్యలో ఆగి ఆగి.

నేల మీద కూర్చుని ఏడ్చాడు. నూనె చేతులు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. అవతల రేసు అయిపోయిన కేకలు. ఎవరో గెలిచారు.

కోడలు వచ్చి పక్కన కూర్చుంది. ఓదార్చలేదు. కాసేపయ్యాక భుజం మీద చెయ్యి వేసింది. ఆయన ఆ చెయ్యి తీసెయ్యలేదు.

"ఎక్కువ ఊగింది ఏ మలుపులో?" అని అడిగాడు చివరికి.

"దిగుడు మలుపులో మామయ్యా. బ్రేకు వేసినప్పుడు."

"ఊఁ." ముక్కు తుడుచుకున్నాడు. కొడుకు వైపు చూశాడు. "తాళాలిచ్చేవాడికి ఫోన్ చెయ్యి. రావట్లేదని చెప్పు."

*

తిరుగు దారిలో ముగ్గురూ వ్యాను ముందు సీట్లో ఇరుక్కుని కూర్చున్నారు. కొడుకు నడుపుతున్నాడు.

"మామయ్యా" అంది కోడలు. "మీరు నాలుగో చుట్టు అయ్యేదాకా గదిలోంచి కదల్లేదని ఈయనంటున్నారు."

మేస్త్రి కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

"మూడో చుట్టులో నాకు బోర్డు కనపడింది. ఎండ ఎదురు, మనిషి ముఖం ఆనలేదు. చెయ్యి కనపడింది. మీరే అనుకున్నాను." ఆమె గొంతు తగ్గింది. "మీరు కాకపోతే, ఆ చెయ్యి..."

"అమ్మాయ్."

ఆమె ఆగిపోయింది.

"నన్ను ఏదైనా అడుగు. తిట్టు, పడతాను. ఇది అడగొద్దు. ఇవాళే కాదు, ఎప్పుడూ అడగొద్దు. నేను చచ్చేదాకా చెప్పను. మీరిద్దరూ నా ముందు ఈ మాట ఎత్తొద్దు."

"అది కాదు నాన్నా, ఆ గేటువాడు..." అన్నాడు కొడుకు.

"ముందు చూసి నడుపు" అన్నాడు మేస్త్రి.

ఆ తర్వాత ఆయన ఆ సంగతి ఎవరితోనూ మాట్లాడలేదు.